కొబ్బరితాడుతో కుట్టిన పడవ

మా బారువ తీరంలో సముద్రం అడుగున ఒక ఆవిరి ఓడ ఉంది. పేరు చిల్కా, బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. 1917లో మునిగింది. విశాఖ నుంచి డైవర్లు వచ్చి దిగి చూశాక దాని పేరు మళ్లీ పత్రికల్లోకి ఎక్కింది. ఉద్దానంలో ఓడల చరిత్ర అంటే ఇప్పుడు అందరూ దాన్నే చెబుతారు. నా బెంగ మాత్రం అలాంటి ఓడలకూ ఒడ్డుకూ మధ్య తిరిగిన కుట్టుపడవ గురించి.

బారువలోగానీ కళింగపట్నంలోగానీ పెద్ద ఓడ ఒడ్డుదాకా రాలేదు. దూరంగా లంగరు వేసుకునేది. విరుచుకుపడే కెరటాల మీదుగా సరుకునూ మనుషులనూ చేరవేసింది మసూలా పడవే. దానికి మేకులుండవు. పలకల అంచుల్లో బెజ్జాలు వేసి, అతుకు మీద ఒత్తు పెట్టి, కొబ్బరితాడుతో బిగించి కుడతారు. అల ఎత్తి నేలకు కొట్టినా కుట్లు కాస్త సాగి, పలకలు వంగి నిలబడతాయి. ఉద్దానంలో కొబ్బరికి కొదవేముంది!

ఇనుప ఓడ వందేళ్లయినా నీళ్లలో మిగిలింది. పాతబడిన కుట్టుపడవను మాత్రం ఊళ్లోనే విప్పేస్తారు. ఇక దాని ఆనవాలు ఎక్కడ వెతకాలి?

వెతికితే ఏం దొరుకుతుందో ఇండోనేషియా చూపించింది. 1998లో బెలితుంగ్ దీవి దగ్గర తొమ్మిదో శతాబ్దపు ఓడ బయటపడింది. సుమారు 60 వేల చైనా పింగాణీ పాత్రల కింద కుట్టిన చెక్కలు మిగిలాయి. ఆ కొలతలు పట్టుకుని ముందు చిన్న నమూనాలు చేసి, ఆ తర్వాత ఒమన్‌లో 18 మీటర్ల ఓడ కట్టారు. 'జ్యూయెల్ ఆఫ్ మస్కట్' అనే ఆ ఓడ 2010లో సింగపూర్ చేరింది. నమూనా చేసేవాడికి మునిగిన ఓడే గురువు. పలక మందం, బెజ్జాల ఎడం, కుట్టు తీరు ఏ పుస్తకంలోనూ అంత వివరంగా దొరకవు.

మన నౌకాదళానికి ఆ ఆసరా కూడా లేదు. 2025లో దళంలో చేరిన కుట్టు ఓడ కౌండిన్యకు ఆధారం అజంతా గుహలోని ఒక బొమ్మ. అందుకే ఐఐటీ మద్రాసులో నమూనాను నీటిలో పరీక్షించాల్సి వచ్చింది.

మనకు గుహలూ అక్కర్లేదు, శిథిలాలూ అక్కర్లేదు. ఈ పడవలు కుట్టిన చేతులు, చూసిన కళ్లు తీరం వెంట ఇంకా ఉన్నాయి. భావనపాడు నుంచి బారువ దాకా ఏ ఊళ్లోనైనా పాత కుట్టుపడవ పలక కనిపిస్తే పొయ్యిలో పెట్టకండి. టేపుతో కొలవండి, కుట్టు లోపలా బయటా ఫొటో తీయండి. ముడి ఎలా వేసేవారో మీ ఇంటి పెద్దలను అడిగి రాసిపెట్టండి.