సహచర రోబో (ఆటిజం)

సహచర రోబో అనగా మనిషికి తోడుగా ఉండి, మాటలతోనో కదలికలతోనో స్పందిస్తూ, రోజువారీ పనులను గుర్తుచేసేందుకు రూపొందించిన యంత్రము. ఆటిజం కలవారి కోసం ఇటువంటి రోబోలపై ప్రయత్నాలు 1990వ దశకం చివరి నుండి జరుగుతున్నాయి. పరిశోధనలలో అధికభాగం పిల్లలకు సంబంధించినదే. పిల్లలు పెద్దవారైన తరువాత కూడా ఆటిజం ఉంటుందన్న సంగతిని ఈ రంగం చాలాకాలం పట్టించుకోలేదనే చెప్పాలి.

ఉపయోగము

ఆటిజం కలవారందరూ ఏకాంతమునే కోరుకుంటారనుట అపోహ. స్నేహం కావాలని ఉన్నా, ఎదుటివారి ముఖకవళికలు, వ్యంగ్యము, మాట వెనుక మాట వెంటనే అందక అలసిపోయి దూరమయ్యేవారు ఎందరో ఉన్నారు. ఎదుటివారు వీరిని అర్థం చేసుకోలేకపోవుట కూడా ఇందుకు కారణమే. రోబో ముఖంలో వివరాలు తక్కువ. దాని స్పందన చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. ఒకే ప్రశ్నను పదిసార్లు అడిగినా విసుగుకొనదు.

రెండవ ప్రయోజనము గుర్తుచేయుట. చేయవలసిన పని తెలిసినా మొదలుపెట్టలేకపోవుట, ఒక పని వదలి మరొకదానికి మారలేకపోవుట ఆటిజంలో తరచు కనిపిస్తాయి. సెల్‌ఫోను అలారం చాలదా అని సందేహం రావచ్చు. అలారం మోగి ఊరుకుంటుంది. రోబో అయితే పళ్ళు తోముకొనుట వంటి పనిని కూడా మెట్టుమెట్టుగా చెప్పి, పూర్తయినదా అని అడుగగలదు.

చరిత్ర

ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో కెర్‌స్టిన్ డౌటెన్‌హాన్ బృందం 2005లో కాస్పర్ అనే రోబోను తయారుచేసినది. ఇది చిన్నపిల్లవాని పరిమాణంలో ఉంటుంది. తాకిడిని గుర్తించే పరికరాలు ఉండుటచేత, గట్టిగా కొట్టినప్పుడు నొప్పి అని చెప్పగలదు. మెత్తగా తాకుట ఎట్లాగో పిల్లలకు ఈ విధంగా నేర్పుతారు.

2018లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 మంది ఆటిజం కల పిల్లల ఇళ్ళలో ఒక రోబోను నెలరోజులు ఉంచి, రోజుకు 30 నిమిషాలు ఆటలు ఆడించారు. పిల్లలు పెద్దలతో కలసి ఒకే విషయంపై దృష్టి నిలుపుటలో మెరుగుదల కనిపించినది. పన్నెండుమంది అంటే చిన్న సంఖ్యే.

సంస్థలు మూతపడుట

ఈ రోబోలలో పలు వాటికి తెలివి వాటి శరీరంలో ఉండదు, తయారుచేసిన సంస్థ సర్వర్లలో ఉంటుంది. కాలిఫోర్నియాకు చెందిన ఎంబాడీడ్ సంస్థ 5 నుండి 10 ఏళ్ళ పిల్లల కోసం మోక్సీ అనే రోబోను సుమారు 800 డాలర్లకు అమ్మినది. ఇది ఆటిజం కోసమే చేసినది కాకపోయినా, అటువంటి పిల్లలున్న కుటుంబాలు కూడా కొన్నాయి. నిధులు అందక సంస్థ మూతపడుతున్నదని 2024 డిసెంబరులో ప్రకటించారు. సర్వర్లు ఆగితే మోక్సీ మాట్లాడలేదు. ఈ వార్తను పిల్లలకు చెప్పేందుకు సంస్థయే తల్లిదండ్రులకు ఒక ఉత్తరం అందించినది. 2019లో జీబో అనే మరొక రోబో సర్వర్ల నిలిపివేతను గురించి తన నోటితోనే యజమానులకు తెలిపినది.

మార్పును తట్టుకొనుట కష్టమైన వారికి, మార్పులేనిదని ఇచ్చిన తోడు ఇట్లా ఆగిపోవుట మామూలు వస్తువు పాడగుట వంటిది కాదు. ఇంటర్నెట్టు లేనప్పుడు రోబో ఏయే పనులు చేయగలదో, దాని కెమెరా, మైకు సేకరించినది ఎక్కడికి చేరునో కొనుటకు ముందే విచారించుట మంచిది. మోక్సీ విషయంలో ఓపెన్‌మోక్సీ అనే ఉచిత సాఫ్టువేరు వెలువడినది. దీనితో యజమానులు తమ ఇంటి కంప్యూటరునే సర్వరుగా వాడుకొనవచ్చును. అయితే దానిని అమర్చుకొనుటకు కంప్యూటరు పరిజ్ఞానం కొంత అవసరము.