ఇంటి నేలపై నీటి బరువు

గాజు తొట్టిలో ఈదులాడు చేపలను చూచువారికి నీటి బరువు స్ఫురించదు. లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల తొట్టిలో 24 ఘనపుటడుగుల నీరు పట్టును. దాని బరువు సుమారు 680 కిలోలు. గాజు, ఇసుక, రాళ్లు, పీట కలిసిన మొత్తము 900 కిలోల వరకు పోవచ్చును. ఇంత బరువును మేడమీది గదిలో ఎక్కడ నిలుపవలెను? దీనికి సమాధానము తెలియవలెనన్న, చేపల తొట్టి చరిత్రతోపాటు దూలము చరిత్రనుకూడ కొంత చూడవలెను.

లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో ఒక ప్రయోగమును ప్రకటించెను. 12 గాలన్ల గాజుపాత్రలో బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటి మొక్కను ఉంచెను. వెలుతురులో మొక్క ఆక్సిజన్‌ను విడిచినది గాని, కుళ్లిన ఆకులవలన నీరు చెడసాగినది. నత్తలను వేయగా అవి ఆ కుళ్లును తినివేసినవి. నీరు మార్చకయే చేపలు బ్రతికినవి.

బ్రిటనులో గాజుపై పన్ను 1845లోనే తొలగియుండెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకొరకు చేపల గృహము తెరువబడెను. మరుసటి యేడు ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన గ్రంథముతో 'అక్వేరియం' అను పేరు వ్యాప్తికి వచ్చినది. ఇండ్లలో తొట్లు పెట్టుట ఒక వేడుకయైనది.

వారింగ్టన్ పాత్రవంటి దానిని నిండ నింపినచో నీరు సుమారు 55 కిలోలు, అనగా ఒక మనిషి బరువు. కాని మనిషి కూర్చుండి లేచిపోవును, తొట్టి లేవదు. నీటిని పారబోయనక్కరలేని ఉపాయమే ఆ బరువును రాత్రింబవళ్లు నేలపై నిలిపినది. 1960ల తరువాత సిలికోన్ జిగురు వచ్చి, లోహపు చట్రము లేకయే గాజుపలకలను అతుకుట సాధ్యమైనది. పెద్ద తొట్లు ఇండ్లలోనికి వచ్చుటకు అది తోడ్పడినది.

ఇక దూలము సంగతి. 1638లో గెలీలియో తన గ్రంథములో గోడలో ఒక కొన దిగవేసిన దూలమును తీసికొని, దాని బలమును లెక్కించెను. బరువు గోడకు దూరమైనకొలది దూలము సులభముగా విరుగును. దూలపు మందము రెట్టింపైన బలము నాలుగింతలగును. ఆయన లెక్కలోని ఒక పొరపాటును తరువాతివారు సవరించిరి గాని, ఈ రెండు సూత్రములు నిలిచినవి. గోడనుండి బయటికి సాగిన బాల్కనీ ఆ దూలమువంటిదే. పెద్ద తొట్టికి అది తగిన చోటు కాదు.

కాలమునకుకూడ ఇందు పాత్ర కలదు. ఫ్రాన్సులో బుఫాన్ పద్దెనిమిదవ శతాబ్దమున ఓకు దూలములను పరీక్షించి, వెంటనే విరుగునట్టి బరువులో సగమునకు మించి భవనములలో మోపరాదని చెప్పెను. 1951లో అమెరికాలోని మాడిసన్ అటవీ ప్రయోగశాలవారి పరిశోధనకూడ దీనిని బలపరచినది: కొద్ది నిమిషములు మోయగల బరువులో సుమారు అయిదింట మూడు వంతులు మాత్రమే కొయ్య పదియేండ్లు మోయగలదు. తొట్టి పెట్టిననాడు నేల వంగలేదని నిశ్చింతగా ఉండరాదు.

నేటి స్లాబుకు మూలపురుషులలో ఒకడు జోసెఫ్ మోనియే అను ఫ్రెంచి తోటమాలి. సిమెంటు తొట్లు పగులకుండుటకు ఇనుప తీగెలను పొదిగి, 1867లో పేటెంటు పొందెను. తోటలోని తొట్టికొరకు పుట్టిన ఉపాయమే నేడు ఇంటిలోని తొట్టిని మోయుచున్నది.

1987నాటి భారతీయ ప్రమాణము నివాసగృహపు గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువును లెక్కలోనికి తీసికొన్నది. మన ఆరడుగుల తొట్టి తన అడుగున చదరపు మీటరుకు 800 కిలోలు మోపును, నాలుగు రెట్లు! అంతమాత్రాన స్లాబు కూలునని కాదు. బరువు ప్రక్కలకుకూడ పంచబడును. అందుచేతనే తొట్టిని పెట్టు చోటు ముఖ్యము.

గోడల నడుమ దూరము 12 అడుగులనుకొందము. దూలములు ఆనిన గోడను అంటి తొట్టిని పెట్టినచో, గది నడుమ పెట్టినప్పటి వంచు ప్రభావములో మూడవ వంతైనను ఉండదు. తొట్టి పొడవు దూలములకు అడ్డముగా ఉన్నచో బరువును పలు దూలములు పంచుకొనును. వాటి వెంబడి పెట్టినచో ఒకటి రెండే మోయవలసివచ్చును. సన్నని కాళ్ల పీటకు బదులు, బరువును పరచు వెడల్పైన ఆధారము మేలు. పాత మిద్దెలలో దూలపు కొనలకు చెదలు, చెమ్మ పట్టినవేమో ముందుగా చూడవలెను. కొన చెడిన దూలమునకు గోడ దగ్గరను రక్షణ లేదు. గదిని విభజించుటకు కట్టిన పలుచని గోడపై దూలము ఆనదు, దానిని నమ్మరాదు.

తొట్టి పెద్దదైనచో భవనపు పటము చూపి ఇంజనీరును సంప్రదించవలెను. నీరు పోయుటకు ముందే లెక్క వేయుట తేలిక. నిండిన తొట్టిని కదలించుట ఎవరి తరమును కాదు.