దొంగ అని ముద్ర వేసినదెవరు?

అమెరికా పశ్చిమ మైదానాల చరిత్ర లోకానికి ఒక వీరగాథగానే తెలుసు. పశువుల దొంగలను అణచి నాగరికతను నిలబెట్టిన కథ అది. నవలలూ సినిమాలూ దానిని ఖండాంతరాలకు చేరవేశాయి. అయితే దొంగ ఎవరు, దొర ఎవరు అని తేల్చినది ఏ శక్తి? వయోమింగ్ రాష్ట్రంలోని బఫెలో పట్టణంలోనూ, దాని చుట్టుపక్కల పచ్చిక బయళ్ళలోనూ తిరిగినన్నాళ్ళూ నన్ను వెంటాడిన ప్రశ్న ఇదే.

బఫెలో చిన్న ఊరు. జనాభా ఐదువేలకు లోపే. పడమట బిగ్‌హార్న్ పర్వతాలు, తూర్పున పౌడర్ నది వైపు వాలే గడ్డినేలలు, ఊరి నడుమ క్లియర్ క్రీక్ అనే వాగు. 1880లో వెలసిన ఆక్సిడెంటల్ హోటలులో నేటికీ బాటసారులు దిగుతారు.

ఈ గడ్డి మొదట ఎవరిది? ఊరికి ఉత్తరాన ఫిల్ కియర్నీ కోట ఉండిన స్థలం ఉన్నది. 1866 డిసెంబరు 21న లకోటా, షయాన్, అరపహో యోధులు ఆ కోటనుండి వెలుపలికి వచ్చిన 81 మందినీ హతమార్చారు. 1868లో సంధి కుదిరి సైన్యం కోట విడిచిపోయింది. కాని ఆ సంధి ఎంతోకాలం నిలవలేదు. 1876 నవంబరులో సైన్యం పౌడర్ నది పాయ ఒకదాని ఒడ్డున షయాన్‌ల గూడేన్ని తగులబెట్టింది. వేటగాళ్ళు అడవిదున్నల మందలను తుడిచిపెట్టారు. అలా ఖాళీ చేయించిన నేలమీదికి ఆవుల మందలు వచ్చాయి.

మందల వెనుక పెట్టుబడి వచ్చింది. దానిలో చాలా భాగం ఇంగ్లండు, స్కాట్లండులది. మోర్టన్ ఫ్రూయెన్ అనే ఇంగ్లీషు కులీనుడు 1882లో పౌడర్ నది పేరిటనే ఒక పశువుల కంపెనీ పెట్టాడు. భూమి ప్రభుత్వానిది, గడ్డికి పన్ను లేదు, లాభం మాత్రం కంపెనీలది. మేయగల వాటికంటె మించి మందలను తోలారు. 1886లో అనావృష్టి, దాని వెంటనే దారుణమైన శీతకాలం. పశువులు మంచులో గుట్టలు గుట్టలుగా చచ్చాయి, కంపెనీలు దివాలా తీశాయి. మిగిలిన ఆసాములకు ఆ నష్టానికి బాధ్యులు కావలసివచ్చారు.

ఆ బాధ్యులు అప్పటికే చట్టంలో సిద్ధంగా ఉన్నారు. తల్లిని విడిచి తిరిగే, ముద్రలేని దూడను అక్కడ ‘మావెరిక్’ అంటారు. ఎవడు ముందు ముద్ర కాలిస్తే దూడ వాడిది. ఇది పాత ఆచారం. ఆసాములు ఈ ఆచారంతోనే మందలు పెంచుకున్నారు, దూడకింత అని కూలి ఇచ్చి మరీ కాపరులచేత ముద్రలు వేయించుకున్నారు. 1884లో శాసనసభ ఆ దూడలన్నీ ఆసాముల సంఘానివే అన్నది. అంతకుముందు రోజు ఆచారమైనది మరునాటికి దొంగతనమయింది! సొంతంగా పశువులున్న కాపరికి సంఘంవారు పని ఇవ్వకుండా కట్టడి చేసుకున్నారు. 160 ఎకరాల భూమి పట్టా పొంది నాలుగు ఆవులు పెంచుకునే ప్రతివాడూ అనుమానితుడే అయినాడు. దొంగతనాలు అసలే జరగలేదని నేననను. కాని దొంగ అన్న మాట ఒక మనిషి చేసిన పనికి కాక, ఒక వర్గం మొత్తానికి పేరయింది.

1892 వసంతంలో చిన్న ఆసాములు పెద్దల అనుమతి లేకుండా తమ పశువులను తామే పోగుచేసుకోవాలని తీర్మానించారు. ఏప్రిల్ 5న షయాన్ నగరంనుండి ఒక ప్రత్యేక రైలు బయలుదేరింది. అందులో సుమారు 50 మంది, వారిలో ఇరవైమందికి పైగా టెక్సస్‌నుండి కిరాయికి తెచ్చిన తుపాకీగాళ్ళు. 9వ తేదీన కేసీ రాంచ్ దుంగల ఇంటిని చుట్టుముట్టి నిక్ రేను, నేట్ ఛాంపియన్‌ను చంపారు. ఛాంపియన్ గంటల తరబడి ఒంటరిగా ఎదిరించాడు. నడుమ నడుమ చిన్న పుస్తకంలో జరుగుతున్నది రాసుకున్నాడు. చివరకు ఇంటికి నిప్పు పెట్టి, బయటికి పరుగెత్తినవాడిని కాల్చారు.

వార్త తెలిసి బఫెలో కదిలింది. షెరీఫ్ యాంగస్ నాయకత్వాన వందలాది రైతులు, కాపరులు దండెత్తి వచ్చినవారిని ఊరికి దక్షిణాన టీఏ రాంచ్‌లో ముట్టడించారు. అక్కడి కొట్టం దుంగలలో తుపాకీగుండ్ల రంధ్రాలు నేటికీ ఉన్నాయి. గవర్నరు తంతి పంపాడు, అధ్యక్షుడు హారిసన్ ఆజ్ఞ ఇచ్చాడు. ఏప్రిల్ 13 ఉదయాన అశ్వికదళం వచ్చి ముట్టడి ఎత్తివేయించి, దండెత్తినవారిని తన కాపుదలలోకి తీసుకున్నది. ఛాంపియన్‌ను కాపాడడానికి రాని ప్రభుత్వం అతడిని చంపినవారిని కాపాడడానికి ఎంత చురుకుగా వచ్చింది!

విచారణ జరగనేలేదు. సాక్షులను మాయం చేశారు. నిందితులను ఖైదులో ఉంచిన ఖర్చు భరించలేక కౌంటీ ఖజానా అడుగంటింది. 1893 జనవరిలో కేసు కొట్టివేశారు. న్యాయం డబ్బు లేక ఓడిపోయింది.

ఇక సాహిత్యం సంగతి. ఆసా మెర్సర్ 1894లో ఆసాముల దౌర్జన్యాన్ని బయటపెడుతూ పుస్తకం రాశాడు. దానికి పాఠకులు కొద్దిమందే. 1902లో ఓవెన్ విస్టర్ ‘ది వర్జీనియన్’ నవల రాశాడు. పశువుల దొంగలను విచారణ లేకుండా ఉరితీయడం అందులో ధర్మంగా కనిపిస్తుంది. లక్షలమంది దానిని చదివారు. కోర్టు చెప్పని తీర్పును నవల చెప్పింది.

ఇంకొక మాట చెప్పక తప్పదు. టీఏ రాంచ్‌ను ముట్టడించిన రైతుల పక్షాన న్యాయం ఉన్నది, నిజమే. కాని వారు నిలబడి పోరాడిన నేల అప్పటికి పదహారేళ్ళ క్రితం షయాన్‌లు నెత్తురోడ్చి విడిచినది. ముద్రలేని దూడను ముందు పట్టినవాడిదే అన్న న్యాయాన్ని భూమికి కూడా వర్తింపజేసిన సమాజం అది. ఆ పచ్చిక బయళ్ళ చరిత్ర రాయబూనినవారు మొట్టమొదట ముద్ర వేసిన చేతి దగ్గరనుండి మొదలుపెట్టాలి.