ఇంజనుకు పొగగొట్టం ఉండాది, కుంపటికి ఏముండాది?

రైతన్నలారా, మార్గశిరం, పుష్యం మంచుకి బాలింత మంచం దగ్గర కుంపటి పెట్టడం మన పక్క పాత అలవాటు. కోడిపిల్లల షెడ్లో కరెంటు పోతే ఇప్పటికీ చానామందికి కుంపటే గతి. అందుకే ఈ బొగ్గు చరిత్ర చెప్తాండా, రవంత ఓపిగ్గా చదవండి.

బొగ్గులు రెండు రకాలు. తుమ్మ మొద్దులు పేర్చి, మట్టి కప్పి, గాలి ఆడకుండా కాలిస్తే వచ్చేది కట్టెబొగ్గు. భూమిలోంచి తవ్వేది రాక్షసి బొగ్గు. 1871లో విలియం కింగ్ అనే దొర ఇల్లెందు పక్క దాన్ని గుర్తించినాడు. 1889లో తవ్వకం మొదలైంది. అదే తర్వాత సింగరేణి అయింది.

1890ల మొదట్లో మన పాకాల–ధర్మవరం మీటరు గేజి లైను పడింది. దానిమీద చానా ఏండ్లు ఆవిరి ఇంజన్లే నడిచినాయి. ఇంజన్లో నిప్పు చూసుకునేది ఫైర్‌మన్. గడ్డల్ని పిడికిలంత చేసి, పొయ్యంతా పలుచగా పరిచేవాడు. బూడిద దులిపి కింద గాలికి దారి చేసేవాడు. నల్లపొగ వస్తే గాలి చాల్లేదని అర్థం. చెడుగాలంతా పొగగొట్టంలో పోయేది.

చలిదేశాల్లో ఇంట్లో రాక్షసి బొగ్గు పొయ్యి పెడితే దానికీ పొగగొట్టం కట్టుకున్నారు. మన ఇండ్లకి అది లేదు. అందుకే ఇంట్లోకి పొగలేని కట్టెబొగ్గు వచ్చింది. పొగ లేదు గదా అని నమ్మినాం. కానీ దాంట్లోనూ కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మగత వస్తాయి. నిద్రలో ఉన్నోళ్లకి మెలకువే రాదు.

మరి మన పెద్దోళ్లు ఎట్ల బతికినారంటారా? పెంకుల సందుల్లో, చూరు కింద గాలి ఆడేది. ఇప్పుడు మనవి మిద్దెలు, గ్లాసు కిటికీలు. ఇల్లు మారింది, కుంపటి మారలేదు. తెల్లారేదాకా ఉండాలని నివురు కప్పుతామే, గాలి అందక నిదానంగా కాలే ఆ నిప్పులోనే ఈ విషం ఎక్కువ.

కుంపటి బయటే రాజెయ్యండి. గదిలో ఉన్నంతసేపు తలుపు, కిటికీ తెరిచిపెట్టండి. పడుకునే ముందు బయట పెట్టేయండి. షెడ్లో పరదాలు పైన జానెడు వదలండి, లోపల మనిషి పడుకోవద్దు. తల దిమ్మెక్కితే వెంటనే బయటికొచ్చి 108కి ఫోన్ చెయ్యండి. చలికి దుప్పటి ఇంకోటి కప్పుకోవచ్చు.