జీతం దాటితేనే వసూలు

చదువుకి అప్పివ్వడమంటే ఏ బ్యాంకుకైనా గుబులే. ఇంటికిస్తే ఇల్లుంటుంది, ట్రాక్టరుకిస్తే ట్రాక్టరుంటుంది, కట్టకపోతే తోలుకుపోవచ్చు. బీఏ పట్టాని ఏం చేసుకుంటారు? అందుకే పెద్ద అప్పయితే నాన్న పేరున ఉన్న ఇంటి కాగితాలు అడుగుతారు. 1955లో అమెరికన్ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒక వ్యాసంలో ఈ చిక్కునే పట్టుకున్నాడు. మనిషిని తాకట్టు పెట్టుకోలేం కాబట్టి, అతని రేపటి సంపాదనలో వాటా తీసుకుందాం అన్నాడు. ఆ వసూలేదో ఆదాయపు పన్నుతో కలిపి చేస్తే సులువనీ అన్నాడు.

1971లో యేల్ విశ్వవిద్యాలయం ఇలాంటి పథకమే సొంతంగా పెట్టింది. దాని వెనక ఉన్నది జేమ్స్ టోబిన్, తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త. తీసుకున్న ప్రతి వెయ్యి డాలర్లకీ ఏడాది ఆదాయంలో 0.4 శాతం కట్టాలి. ఎన్నాళ్లు? తన బాకీ తీరేదాకా కాదు, తన బ్యాచ్ మొత్తం బాకీ తీరేదాకా, లేదా 35 ఏళ్లు. కొంప మునిగింది అక్కడే. బాగా సంపాదించినవాళ్లు ఒకటిన్నర రెట్లు కట్టేసి బయటపడ్డారు. కొందరు కట్టడం మానేశారు. మధ్యలో మిగిలిన బుద్ధిమంతులు అందరి అప్పూ మోశారు. ఎవరి జీతం ఎంతో తెలుసుకుని వసూలు చేసే యంత్రాంగం విశ్వవిద్యాలయానికి ఎక్కడిది? 1978లో కొత్త అప్పులు ఆపేశారు. పాతవి మాఫీ చేస్తామని యేల్ ప్రకటించేసరికి 1999 వచ్చింది.

అసలు కథ ఆస్ట్రేలియాలో నడిచింది, అదీ డబ్బుకి కటకటలాడి. అక్కడ 1974లో విట్లమ్ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వం కాలేజీ ఫీజులు ఎత్తేసింది. 1980లలో హైస్కూలు పూర్తిచేసే పిల్లలు పెరిగారు, సీట్లు చాలలేదు. సీట్లు పెంచుదామంటే ఖజానాలో సొమ్ము లేదు. ఫీజు మళ్లీ పెట్టాల్సిన పని అదే పార్టీకి పడింది. విద్యామంత్రి జాన్ డాకిన్స్ కోసం ఈ లెక్కలు కట్టినవాడు బ్రూస్ చాప్‌మన్ అనే కార్మిక ఆర్థికవేత్త. కాలేజీకి వెళ్లేది ఎక్కువగా కలిగినవాళ్ల పిల్లలే అయినప్పుడు, కాలేజీ మొహం చూడని కార్మికుడి పన్నుతో వాళ్ల చదువు ఉచితంగా నడపడం న్యాయమా అన్నది ఫీజు పెట్టాలన్నవాళ్ల వాదం. నాకు అది సబబుగానే తోస్తుంది. కానీ ముందే ఫీజు కట్టమంటే పేదింటి పిల్లలు గుమ్మంలోనే ఆగిపోతారు. దీనికి దారి వెతకడానికి నెవిల్ రాన్ అనే లేబర్ నాయకుడి అధ్యక్షతన కమిటీ కూర్చుంది. 1988లో హోబార్ట్‌లో జరిగిన లేబర్ మహాసభ ఉచిత విద్య మీద పార్టీ మాటని మార్చుకుంది. 1989లో పథకం మొదలైంది. పేరు హెక్స్.

అప్పట్లో ఏడాదికి 1,800 డాలర్లు, ఏ కోర్సయినా అంతే. ముందే కట్టేస్తే 15 శాతం తగ్గింపు. లేదంటే మీ పన్ను నంబరు రాసిస్తే చాలు, పూచీ అక్కర్లేదు, ఇంటి కాగితాలు అక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన రోజు నింపే పన్ను ఫారంలో చదువు అప్పుందా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఉందని టిక్కు పెడితే, ఆదాయం ఒక గీత దాటిన నాటి నుంచి జీతంలోనే కోత పడుతుంది. మొదట్లో ఆ గీత 22,000 డాలర్లు, ఇంచుమించు దేశంలో సగటు సంపాదన. సరిగ్గా అంత సంపాదిస్తే ఒక శాతం, అంటే ఏడాదికి 220 డాలర్లు. ఉద్యోగం పోతే కోతా ఆగుతుంది. బిడ్డ పుట్టి ఇంట్లో ఉన్న ఏడాది ఆగుతుంది. ఫోన్ చేసి బతిమాలాల్సిన పని లేదు. అసలుకి వడ్డీ లేదు, ధరలు పెరిగిన మేరకు మాత్రం బాకీ పెరిగేది. యేల్‌కి లేనిదీ, చాప్‌మన్ వాడుకున్నదీ పన్నుశాఖే. ఎవరి బాకీ వాళ్లదే, పక్కవాడి ఎగవేత నీ నెత్తిన పడదు.

తర్వాత బ్రిటన్ కూడా 1998లో ఆదాయాన్ని బట్టి కట్టే అప్పుకి మారింది.

ఈ కథలో మరో వైపుంది. చురుక్కుమనని అప్పుని పెంచడం ప్రభుత్వాలకీ తేలికే. 1997లో కోర్సుని బట్టి మూడు రేట్లు వచ్చాయి, గీత కిందికి దిగింది. 2021 నుంచి చరిత్ర లాంటివి చదివే కొత్త విద్యార్థులకి ఏడాదికి 14,500 డాలర్లు చేశారు. 2023లో ధరలతో పాటు బాకీలు ఒక్కసారిగా 7.1 శాతం ఎగిశాయి. జనం గగ్గోలు పెడితే 2024లో లెక్కకట్టే పద్ధతి సవరించారు. 2025లో ఉన్న బాకీల్లో 20 శాతం కొట్టేశారు, గీతని 67,000కి జరిపారు. ఆ మార్పుతో గీత దాటిన భాగం మీదే కోత, మొదటి అంచెలో డాలరుకి 15 సెంట్లు. ఆ గీత ప్రకారం 70,000 వచ్చేవాళ్లు కట్టేది ఏడాదికి 450.

మెల్‌బోర్న్‌కి వెళ్లే మన పిల్లలకి ఇదేమీ వర్తించదు. ఈ అప్పు ప్రధానంగా ఆ దేశ పౌరులకే. మనవాళ్లు పూర్తి ఫీజు కడతారు, చాలామంది ఇక్కడి బ్యాంకు అప్పుతో. ఉద్యోగం వచ్చినా రాకపోయినా, చదువయ్యాక ఇచ్చే గడువు ముగియగానే ఈఎంఐ మొదలవుతుంది.

మన దగ్గర హెక్స్ పెట్టాలంటే రెండు చిక్కులు. డిగ్రీ చేసినవాళ్లలో ఎందరో పన్ను లెక్కల్లోకి రాని పనుల్లో ఉన్నారు. మిగిలినవాళ్లలో చాలామంది విమానం ఎక్కుతారు. రెండో చిక్కు ఆస్ట్రేలియాకీ తగిలింది. దేశం దాటినవాళ్లు చాలా ఏళ్లు రూపాయి కట్టకుండా తిరిగారు. విదేశీ ఆదాయం మీదా కట్టాలని 2015లో చట్టం చేస్తే, వసూలు 2017లో మొదలైంది. కానీ పరాయి దేశపు జీతం ఆ పన్నుశాఖకి నేరుగా కనిపించదు. ఎంత వచ్చిందో అప్పున్నవాళ్లే చెప్పాలి.