కొండ ఊటా, మోటారా? పల్లెకు మంచినీటి గొట్టం వేయుటకు ముందు

కోరాపుట్, రాయగడ జిల్లాలలో పల్లెకు గొట్టాల ద్వారా నీరు తెచ్చుటకు రెండు మార్గాలు కలవు. కొండ ఊట నీటిని దాని బరువుతోనే కిందికి దింపుట ఒకటి. బావి లేదా బోరు నుండి మోటారుతో ట్యాంకుకు ఎక్కించుట రెండవది. కుందుర సమితిలో చదునైన వరిపొలాల నడుమనున్న ఊళ్ళకు మోటారు తప్పదు. కొండను ఆనుకొనిన ఊళ్ళకు మాత్రమే ఎంపిక ఉన్నది.

ఆ ఎంపికను ఊటయే నిర్ణయించవలెను, అదియు వైశాఖమాసపు ఊట. శ్రావణంలో పొంగే గెడ్డను చూచి గొట్టం వేసిన ఊరి స్త్రీలు ఎండకాలంలో మరల బిందెలెత్తక తప్పదు. కొలుచుట సులభమే: 15 లీటర్ల బకెట్ 75 సెకన్లలో నిండినచో నిమిషానికి 12 లీటర్లు, రోజుకు 17,280 లీటర్లు. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. అనగా 300 మందికి 16,500. చూపునకు సన్నని ధారయే, రాత్రి నీటిని నిలువచేయు ట్యాంకు ఉన్నచో ఊరికి సరిపోవును.

తరువాతది ఎత్తు. ప్రతి 10 మీటర్ల పల్లానికి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి పెరుగును. ఆరు కిలోల గొట్టమైతే 60 మీటర్లు దిగులోపే ఒత్తిడి తగ్గించు తొట్టి కట్టవలెను. దారిలో మిట్ట వచ్చినచోట గాలి చేరి ధార ఆగును. అక్కడ గాలి వాల్వు అవసరం.

మోటారు విషయంలో అందరూ కరెంటు బిల్లునకు భయపడుదురు. ఆ 16,500 లీటర్లను 30 మీటర్లు ఎత్తుటకు, నష్టాలతో కలిపి, రోజుకు మూడు నాలుగు యూనిట్లు చాలు. అసలు భయం వేరు: తక్కువ వోల్టేజికి వైండింగు కాలిపోవుట, పట్టణం నుండి మెకానిక్కు వచ్చువరకు నీరు లేకపోవుట. సౌర పంపు బిల్లును తప్పించును, మరమ్మతును తప్పించదు.

ఊట గొట్టానికీ పగుళ్ళు రాక మానవు. ఒడిశాలో 1979లో నెలకొనిన గ్రామ వికాస్ సంస్థ కొండ ఊళ్ళకు ఊట నీరు దింపునపుడు, ఒక్క కుటుంబమునూ విడువక, సగటున కుటుంబానికి వెయ్యి రూపాయల మూలనిధి కూడబెట్టించినది.

వైశాఖంలో ధార చాలని ఊటను వదలుకోనక్కరలేదు. పది నెలలు ఊట నీరు, మిగిలిన రెండు నెలలు అదే ట్యాంకుకు చిన్న మోటారు పెట్టుకొనవచ్చును. ఊటకు ఎగువన పోడు కొట్టువారితో మాత్రం గొట్టం కొనక ముందే మాట్లాడుకొనవలెను.