పరిమితక్షేత్రాలు – లాటిన్ చతురస్రాలు: ఆయిలర్ ప్రతిపాదన చరిత్ర

1. ఉపోద్ఘాతం

ఒక పట్టికలో ప్రతి అడ్డువరుస, ప్రతి నిలువువరుస అవే గుర్తుల ప్రస్తారమైతే దానిని లాటిన్ చతురస్రం అంటారు. ఒకే పరిమాణం గల రెండు చతురస్రాలను ఒకదానిపై ఒకటి ఉంచినప్పుడు ప్రతి క్రమయుగ్మమూ సరిగ్గా ఒక్కసారే వస్తే అవి పరస్పర లంబాలు. 1782లో ప్రచురితమైన వ్యాసంలో లియొనార్డ్ ఆయిలర్ ఆరు రెజిమెంట్లకు, ఆరు హోదాలకు చెందిన 36 మంది సైనికాధికారులను ఈ విధంగా నిలపగలమా అని ప్రశ్నించాడు. బేసి పరిమాణాలకు, 4 గుణిజాలకు ఆయన లంబజంటలను నిర్మించాడు. 4తో భాగించినప్పుడు 2 శేషంగా మిగిలే 6, 10, 14 వంటి సంఖ్యలకు అవి అసాధ్యమని ప్రతిపాదించాడు. 1900లో గాస్టన్ తారీ అన్ని అమరికలనూ పరిశీలించి 6 విషయంలో దానిని నిరూపించాడు. మిగిలిన సంఖ్యల సంగతి తేలలేదు.

2. నిర్మాణసూత్రం

వరుసలకు 0 నుండి 4 వరకు సంఖ్యలిచ్చి, అడ్డువరుస సంఖ్యను ఒక గుణకంతో హెచ్చించి, నిలువువరుస సంఖ్యను కలిపి, 5తో భాగించగా వచ్చే శేషాన్ని గడిలో రాస్తే లాటిన్ చతురస్రం ఏర్పడుతుంది. 1, 2, 3, 4 గుణకాలతో నాలుగు చతురస్రాలు వస్తాయి. వాటిలో ఏ రెండైనా లంబాలే. రెండు గడుల విలువలు తెలిస్తే, గుణకాల భేదంతో భాగించి అడ్డువరుసను నిర్ణయించవచ్చు. ఈ భాగహారమే ఇక్కడ కీలకం. శేషగణితంలో 6కు ఇది చెల్లదు: 2, 3 రెండూ సున్నా కాకున్నా వాటి లబ్ధం సున్నా అవుతుంది.

సున్నా కాని ప్రతి మూలకంతోనూ భాగహారం సాధ్యమయ్యే పరిమిత వ్యవస్థయే పరిమితక్షేత్రం. 1830లో గాల్వా వీటిని ప్రవేశపెట్టాడు. ప్రధానసంఖ్యకు గాని దాని ఘాతానికి గాని సమానమైన పరిమాణంలోనే ఇవి ఉంటాయి. 4, 8, 9లకు క్షేత్రాలున్నాయి. 6, 10లకు లేవు.

3. కలకత్తా కృషి

వ్యవసాయ ప్రయోగాలలో నేలసారపు తేడాలు ఫలితాన్ని తారుమారు చేయకుండా మడులను లాటిన్ చతురస్రాలుగా అమర్చే పద్ధతికి ఫిషర్ ప్రాచుర్యం కల్పించాడు. ఆ అవసరమే బీజగణిత క్షేత్రాన్ని పంటపొలానికి చేర్చింది. 1938లో ఆర్.సి. బోస్ 'సాంఖ్య' పత్రికలో క్షేత్రధర్మాల ద్వారా లంబచతురస్రాల పూర్ణసముదాయాలను నిర్మించే విధానాన్ని ప్రకటించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరిన తెలుగువాడు సి.ఆర్. రావు ఈ భావనను విస్తరించి, 1947లో లంబ అమరికల సిద్ధాంతాన్ని ప్రకటించాడు. పారిశ్రామిక నాణ్యతా ప్రయోగాలకు అది పునాది అయింది.

4. ముగింపు

10కి క్షేత్రం లేదు. అయితే క్షేత్రం లేనంతమాత్రాన జంట లేదని చెప్పలేము. 1959లో బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే చిన్న చతురస్రాలను సంధించి 22 పరిమాణానికి లంబజంటను నిర్మించారు. ఇ.టి. పార్కర్ 10కి నిర్మించాడు. 6 కన్న పెద్దవైన ఇటువంటి సంఖ్యలన్నింటికీ జంటలున్నాయని 1960లో ముగ్గురూ కలిసి నిరూపించారు. ఆయిలర్ సందేహం 2, 6లకే పరిమితమైంది. ఒక పద్ధతి ఆగిపోయిన చోటు వస్తువుకు హద్దు కాదని ఈ చరిత్ర నిరూపిస్తున్నది. 10 పరిమాణంలో పరస్పర లంబాలైన మూడు చతురస్రాలు ఉన్నాయా అన్న ప్రశ్న నేటికీ తేలలేదు.